పట్టు బలానికి వంచే కడ్డీలు: 6 మి.మీ. తరువాత ఏది కొనాలి?

విజయనగరం_వ్యాయామి

అందరికీ నమస్కారం. కోడి రామమూర్తి నాయుడు గారు ఇనుప గొలుసులు తెంచిన కథలు వింటూ పెరిగిన ఊరు మాది కనుక, ఇంట్లో కడ్డీలు వంచుతున్నానంటే మా నాన్నగారు కూడా పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఏడాదిగా గ్రిప్పర్లతో, అంటే పిడికిట్లో నొక్కే స్ప్రింగు పిడులతో, సాధన చేస్తున్నాను. రెండు నెలల క్రితం ఐరన్ షాపులో 6 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) రాడ్డు కొని, 20 సెం.మీ. ముక్కలుగా కోయించుకుని, చివరలకు గుడ్డ చుట్టి, అరచేతులు రెండూ కిందికి ఉండేలా గడ్డం కింద పట్టుకుని వంచడం మొదలుపెట్టాను. ఇప్పుడు వరసగా నాలుగు ముక్కలు వంచినా చేతులు అలసిపోవడం లేదు.

అందుకని మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర మేస్త్రి గారిని అడిగి, అదే పొడవున్న 8 మి.మీ. టి.ఎం.టి. (కాంక్రీటులో వేసే గాట్ల కడ్డీ) ముక్క ఒకటి తెచ్చుకున్నాను. అది ఇసుమంతైనా కదలలేదు సరికదా, దాని మీది గాట్లు గుడ్డను చీల్చుకుని అరచేతిలో దిగబడ్డాయి. రెండు మిల్లీమీటర్ల తేడాకే ఇంత కష్టమా? ఈ రెంటికీ మధ్య ఏం కొనాలి? స్టెయిన్‌లెస్ రాడ్డు గానీ, పొడుగు బోల్టులు గానీ పనికివస్తాయా?

లేత్_మాస్టారు

తమ్ముడూ, నువ్వు మార్చింది రెండు మిల్లీమీటర్ల మందం మాత్రమే కాదు, ఉక్కు రకాన్ని కూడా మార్చేశావు. ఆ సంగతి షాపువాడూ చెప్పడు, మేస్త్రీ చెప్పడు.

గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 ఘనం 216, 8 ఘనం 512. అంటే ఒకే ఉక్కు అయినా 8 మి.మీ. కడ్డీ 6 మి.మీ. కడ్డీకి దాదాపు 2.4 రెట్లు గట్టిగా ఉంటుంది. మామూలు ఎం.ఎస్. రాడ్డు లొంగే ఒత్తిడిని, అంటే మళ్లీ తిన్నగా కాకుండా వంగిపోయే ఒత్తిడిని, 250 మెగాపాస్కళ్లుగా (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లెక్కవేస్తాం, ఎఫ్.ఇ. 500 అని ముద్ర ఉన్న టి.ఎం.టి. కడ్డీకి అది కనీసం 500 ఉండాలి. రెండూ కలిపితే నువ్వు ఒక్క అంగలో దాదాపు అయిదు రెట్ల బరువుకు దూకావు. పైగా టి.ఎం.టి. కడ్డీని మిల్లులో ఎర్రగా ఉండగానే నీళ్లతో ఒక్కసారిగా చల్లారుస్తారు కాబట్టి దాని పై పొర బాగా గట్టిపడుతుంది, లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది. వంచేటప్పుడు ఎక్కువ లాగుడు పడేది ఆ పై పొర మీదనే. అది ఇళ్ల స్లాబులకు చేసిన సరుకు, అరచేతులకు చేసింది కాదు.

కాబట్టి మందాన్ని 8 దగ్గరే ఉంచి, ఉక్కును మార్చుకుంటూ పో. ముందు 8 మి.మీ. ఎం.ఎస్. బ్లాక్ రాడ్డు, అంటే వేడిగా చుట్టిన, పైన నల్లటి పొలుసు ఉన్న రకం. దాని తరువాత అదే మందంలో బ్రైట్ బార్. దీన్ని చల్లగా ఉండగానే అచ్చులోంచి లాగుతారు కనుక నున్నగా మెరుస్తుంది, అదే మెత్తటి ఉక్కు అయినా బ్లాక్ రాడ్డు కంటే స్పష్టంగా గట్టిగా ఉంటుంది. ఈ రెంటి మధ్య మెట్లన్నీ పొడవుతోనే కట్టుకోవాలి. ముక్క పొట్టిదయ్యేకొద్దీ మీట పొడవు తగ్గి, చేతుల మీద భారం పెరుగుతుంది. 26 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి, వంచగలిగినప్పుడల్లా ఒక సెంటీమీటరు తగ్గించుకుంటూ 18 దాకా రా. కింది అంకెల దగ్గర ఒక్కో సెంటీమీటరూ నువ్వు ఊహించినదానికంటే బరువుగా తోస్తుంది, ఎందుకంటే అరచేతుల వెడల్పుకే సుమారు 16 సెంటీమీటర్లు పోతుంది, మధ్యలో మిగిలేది వేలెడంత కడ్డీ.

కొనేటప్పుడు ముక్కలు ముక్కలుగా కాక, ఒకే నిలువు రాడ్డు కొని కోయించుకో. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గంచేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 మి.మీ. అయితే 395 గ్రాములు, ఆరు మీటర్ల రాడ్డు రెండుకిలోల నాలుగొందలకు కాస్త తక్కువ. షాపులో తూకం వేస్తుండగా ఈ లెక్క కట్టుకుంటే, 8 అని చెప్పి పలచటి సరుకు ఇస్తున్నారేమో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కోసిన చివరలను ఆకురాయితో రుద్దడం మరచిపోకు.

బోల్టు కొంటే తల మీది అంకెను చూడు. 4.6 అని ఉంటే అది ఎం.ఎస్. రాడ్డుతో సమానం. 8.8 అని ఉంటే లొంగే ఒత్తిడి 640, అంటే టి.ఎం.టి. కన్నా ఎక్కువ. 12.9 జోలికి పోవద్దు. గట్టిపరచిన డ్రిల్ బిట్టు, ఆకురాయి, స్ప్రింగు కడ్డీ వంటివి అసలే ముట్టుకోవద్దు. అవి వంగవు, విరుగుతాయి. విరిగిన ముక్క ముఖం మీదికే వస్తుంది, పట్టుకునేది గడ్డం కింద కదా.

డల్లాస్_తెలుగువాడు

మాస్టారు గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, బ్లాక్ రాడ్డుతో మొదలుపెట్టమన్న చోట మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. తుక్కు పట్టాలనూ పాత ఇనుమునూ మళ్లీ చుట్టి చేసిన రాడ్డుకు ఒక కట్టకూ ఇంకో కట్టకూ పొంతన ఉండదు. ఈ వారం 22 సెం.మీ. వంచానని సంతోషించి, వచ్చేవారం వేరే రాడ్డులోంచి కోసిన 24 సెం.మీ. ముక్క దగ్గర బోల్తాపడితే, తగ్గింది బలమో, మారింది ఇనుమో ఎలా తెలుస్తుంది? ఇక్కడ మేము వాడేది ఎక్కువగా కోల్డ్ రోల్డ్ రాడ్డు, అంటే చల్లగా ఉండగానే చుట్టినది. బల సాధన సామగ్రి అమ్మే ఐరన్‌మైండ్ కంపెనీ వారి రెడ్ నెయిల్ అనే వంచుడు కడ్డీ కూడా ఆ రకందే, 5/16 అంగుళం మందం, 7 అంగుళాల పొడవు. అంటే మీ దగ్గర 8 మి.మీ. బ్రైట్ బార్‌ను 18 సెంటీమీటర్లకు కోస్తే ఇంచుమించు అదే కొలత.

స్టెయిన్‌లెస్ గురించి అడిగారు. 304 రకం మొదట్లో తేలికగా వంగినట్టే ఉండి, వంగేకొద్దీ గట్టిపడుతుంది, చివర రెండు కొసలనూ దగ్గరకు నొక్కే దశలో ప్రాణం తీస్తుంది. ఆ దశను ప్రత్యేకంగా సాధన చేయదలచినవారికి మంచిదే, మీకు ఇప్పుడే అక్కరలేదు.

గుడ్డ సంగతి కూడా చూసుకోండి. పాత జీన్స్ ప్యాంటు కాలును పది సెంటీమీటర్ల వెడల్పున పట్టీగా కత్తిరించి, కడ్డీ చివర నుంచి బిగుతుగా, ఒక్క ముడత కూడా లేకుండా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. వదులుగా చుట్టిన గుడ్డ కడ్డీ మీద తిరిగిపోతుంది, మీరు పెట్టిన బలం సగం ఆ జారుడుకే పోతుంది.

లేత్_మాస్టారు

పొంతన ఉండదన్న మాట నిజమే, కాదనను. కానీ విజయనగరంలో మీటరో రెండు మీటర్లో బ్రైట్ బార్ అడిగితే ఇచ్చే షాపు దొరకడం కష్టం, దానికి గాజువాక ఆటోనగర్ దాకా రావలసి ఉంటుంది. అంతవరకు ఏ రాడ్డు కొన్నా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రెండు ఇటుకల వరసలను 30 సెం.మీ. ఎడంగా పేర్చి, వాటి మీద ముక్కను అడ్డంగా పెట్టి, సరిగ్గా మధ్యలో తాడుతో బరువులు వేలాడదీయాలి. లెక్క ప్రకారం 250 మెగాపాస్కళ్ల 8 మి.మీ. రాడ్డు 29 కిలోల దగ్గర పూర్తిగా లొంగిపోవాలి. నీ రాడ్డు ఎన్ని కిలోలకు లొంగిందో సుద్దముక్కతో గోడ మీద రాసిపెట్టుకో. బరువుల కింద కాళ్లు పెట్టకు.

విజయనగరం_వ్యాయామి

మాస్టారు గారూ, డల్లాస్ అన్నగారూ, పది రోజులకు మళ్లీ వస్తున్నాను. 8 మి.మీ. బ్లాక్ రాడ్డు ఆరు మీటర్లు కొన్నాను, తూకం సరిగ్గానే వచ్చింది. ఇటుకల పరీక్షలో 35 కిలోల దాకా కొద్దిగా కుంగి నిలబడింది, ఇంకో రెండు కిలోలు వేయగానే మధ్యలో మెల్లగా దిగిపోయింది. మాస్టారు గారి లెక్కను తిరగేసి కడితే అది 250 కాదు, 320 దాకా ఉన్న సరుకని తేలింది.

26 సెం.మీ. ముక్క వంగింది, 25 కూడా వంగింది. నిన్న 23 సెం.మీ. ముక్క మొదట ఎంతకీ కదలక, ఊపిరి బిగబట్టి రొమ్ముకు ఆనించి నొక్కితే ఒక్కసారిగా లొంగి, ఇంగ్లీషు వి అక్షరంలా అయ్యాక ఆగిపోయింది. కొసల మధ్య ఇంకా చాలా దూరం ఉంది. దాన్నే దాచి వచ్చేవారం పూర్తిచేయవచ్చా?

లేత్_మాస్టారు

వద్దు. ఒకసారి వంగిన చోట ఉక్కు గట్టిపడుతుంది, మెత్తటి ఉక్కును అలా కొన్నాళ్లు వదిలేస్తే ఇంకా బిగుస్తుంది. తిన్నగా చేసి మళ్లీ వంచితే ఆ మూల దగ్గర పగుళ్లు కూడా రావచ్చు. దాన్ని తుక్కులో పడేసి, 24 సెం.మీ. ముక్క కొత్తది కోసుకో, నువ్వు 25 నుంచి ఒక మెట్టు దాటేశావు. వారానికి రెండు రోజులకు మించి వంచకు. మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే ఆ రెండు రోజులు కూడా మానెయ్యి.