లొకేల్‌లో ఆ యూటీఎఫ్-8 టిక్ పెట్టాలా, వద్దా?

బ్రాడీపేట_డీటీపీ: విండోస్ 10 రీజియన్ సెట్టింగ్స్‌లో, సిస్టమ్ లొకేల్ మార్చే చోట, యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) అని బీటా టిక్ ఒకటి ఉంటుంది కదా, మావాడు వీడియో చూసి అది పెట్టాడు. మా పాత ప్రోగ్రామ్‌లో శుభలేఖ తెరిస్తే పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట నల్ల డైమండ్లలో ప్రశ్నార్థకాలు! పెళ్లి గురువారం. టిక్ తీస్తే మళ్లీ వచ్చింది. ఎవరూ పెట్టకండి.

బెంజిసర్కిల్_కోడర్: తప్పు టిక్‌ది కాదండీ, ఫాంట్‌ది. మీ ఫైల్లో అసలు తెలుగే లేదు. ఫ్రెంచివాళ్లు 'కఫే' చివర నెత్తిన గీతతో రాసే అక్షరం ఉంది చూడండి, పాత 1252 కోడ్ పేజీలో, అంటే ఏ నంబరుకి ఏ అక్షరమో చెప్పే పట్టికలో, దాని నంబరు 233, ఒక్క బైటు. మీ ఫాంట్ చేసినవాళ్లు అలాంటి గళ్లలో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు పెట్టారు. యూటీఎఫ్-8లో అదే అక్షరానికి రెండు బైట్లు కావాలి, ఒంటరి 233 చెల్లదు, అందుకే ప్రశ్నార్థకం.

గవర్నర్‌పేట_ప్రెస్: మా దగ్గర టిక్ ఉంది. ఏం కాలేదు.

బ్రాడీపేట_డీటీపీ: మీ దగ్గర పాత ఫైళ్లు ఉండవు లెండి. కోడర్ గారూ, 233తో నాకేం పని? యూనికోడ్‌లో ఒత్తులు కింది లైనుకి తగులుతున్నాయి, అది చెప్పండి.

బెంజిసర్కిల్_కోడర్: అది ఫాంట్, లీడింగ్ (లైన్ల మధ్య ఖాళీ) సంగతి. మీ పీడీఎఫ్‌లో 'గుంటూరు' అని వెతకండి, ఒక్కటి దొరికితే చెప్పండి. మా నాన్నగారి వ్యాసాలు 400 పేజీలు, సీడీలో ఉన్నాయి. తెరిస్తే టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు. మళ్లీ మొత్తం టైపు చేయాలన్నారు, పేజీకి ఇంత అని.

బ్రాడీపేట_డీటీపీ: అదీ! అసలు మంట పేజీ రేటు మీద. ఇప్పుడు రచయితలు ఫోన్లో కొట్టి వాట్సాప్‌లో పంపి టైపు డబ్బులు తీసెయ్యమంటున్నారు. వాళ్ల తప్పులన్నీ దిద్దేది నేను, దానికి రూపాయి లేదు.

బెంజిసర్కిల్_కోడర్: అంటే ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోకూడదు, అంతేగా?

బ్రాడీపేట_డీటీపీ: మాట జాగ్రత్త తమ్ముడూ.

అరండల్‌పేట_ప్రూఫ్: ఇద్దరూ ఆగండి. పాత ఫైళ్లున్న సిస్టమ్‌లో టిక్ వద్దు. ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నప్పుడు సేవ్ కొట్టారో, అసలు బైట్లు పోవచ్చు, తర్వాత టిక్ తీసినా రావు. కాపీ తీసుకుని, పాత ఫాంట్ ఫైలుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో పెట్టండి, తర్వాత ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే. ఆ చదివే పనికే ఎవరూ డబ్బులివ్వరు, నన్నడగండి.

బ్రాడీపేట_డీటీపీ: సీడీ పట్టుకురండి, మార్చిపెడతా. టైపు డబ్బులొద్దు, ప్రూఫ్‌వి ఇవ్వండి.

బెంజిసర్కిల్_కోడర్: పేజీకి ఎంత?

బ్రాడీపేట_డీటీపీ: ముందు గురువారం పెళ్లి కానీయండి.