అప్‌డేట్: మెషీన్లన్నీ స్క్రిప్ట్‌తోనే గ్రూపుల్లోకి చేరాయండీ

ఒకే కంప్యూటర్లో చాలా వర్చువల్ మెషీన్లను (ఉత్తుత్తి కంప్యూటర్లను) నడిపే వర్చువల్‌బాక్స్‌లో చిందరవందరగా ఉన్న మెషీన్లను మౌస్‌తో లాగకుండా సర్దడం ఎలా అని అమలాపురం నుంచి అడిగింది నేనే. కుదిరిందండీ. "వీబాక్స్‌మేనేజ్ లిస్ట్ వీఎమ్స్" అనే కమాండ్ ఇచ్చే పేర్లను లూప్‌లో చదివి, పేరులో మొదటి ముక్కను బట్టి ఒక్కోదానికీ "మాడిఫైవీఎం" కమాండ్‌తో గ్రూపు తగిలించాను. గ్రూపు పేరు స్లాష్ (/) గుర్తుతోనే మొదలవ్వాలి. తిప్పలన్నీ అక్కడే! విండోస్‌లో గిట్ బాష్ అనే కమాండ్ విండో ఆ స్లాష్‌ను ఫోల్డర్ దారి అనుకుని, ముందు తన సొంత పాత్ అంటించేస్తోంది. విండోస్ సొంత కమాండ్ విండో పవర్‌షెల్‌లో రాస్తే ఆ గొడవే లేదు. మెషీన్ నడుస్తుంటే మాత్రం మార్పు ఒప్పుకోదు, ఆపాలి.

గాలివానొస్తే మా కోనసీమలో కరెంటు సంగతి తెలిసిందేగా. యూపీఎస్ అరవగానే ఒక గ్రూపు మొత్తాన్ని "సేవ్‌స్టేట్" చేసే (ఉన్న స్థితిని దాచి ఆపే) లూపు ఇప్పుడు రాస్తున్నా.