సెక్స్ పిస్టల్స్ 'గాడ్ సేవ్ ద క్వీన్': నిజమైన తిరుగుబాటా, మేనేజర్ ఆడించిన ఆటా?

పాతరికార్డు
చాన్నాళ్లుగా బుర్రలో తిరుగుతున్న విషయం, పంక్ (డెబ్బైల్లో వచ్చిన కోపంగా అరిచే రాక్ సంగీతం) వినేవాళ్లు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నా. బ్రిటన్ జాతీయ గీతం పేరునే పాటకి పెట్టుకుని, రాణి ఎలిజబెత్ రాజ్యాన్ని ఫాసిస్టు పాలన అని తిడుతూ సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ 1977 మే 27న ఈ సింగిల్ (ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డు) విడుదల చేసింది. ఆమె సింహాసనం ఎక్కి పాతికేళ్లయిన సంబరాలు సరిగ్గా జూన్ మొదటి వారంలో ఉన్నాయి. ఆ తేదీ చూస్తేనే నాకు అనుమానం.

నా అభిప్రాయం సూటిగా చెప్తా, ఇదంతా మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్ నడిపిన వ్యవహారం. మార్చి 10న బకింగ్‌హామ్ ప్యాలెస్ బయట టేబుల్ వేయించి, ఫొటోగ్రాఫర్లను పిలిచి మరీ ఏ అండ్ ఎం అనే రికార్డు కంపెనీ కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టించాడు. జూన్ 7న థేమ్స్ నదిలో పడవ అద్దెకు తీసుకుని కచేరీ పెట్టాడు, ఆ పడవ పేరు కూడా క్వీన్ ఎలిజబెతే. పోలీసులు వచ్చారు, పడవని ఒడ్డుకు పట్టించారు, మెక్‌లారెన్‌తో పాటు ఇంకొందరిని అరెస్టు చేశారు. కడుపు మంటలోంచి పుట్టిన పాటైతే దానికి ఇంత హంగామా ఎందుకు?

గిటార్‌పిచ్చి
పాతరికార్డు గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే, కానీ వరుస తారుమారైంది. పాట ముందు, సంబరాలు తర్వాత. 1976 చివర్లోనే దీన్ని స్టేజీ మీద వాయించారు, అప్పుడు దాని పేరు 'నో ఫ్యూచర్'. రాసేటప్పుడు రజతోత్సవం సంగతే తమకి తెలియదని డ్రమ్మర్ పాల్ కుక్ తర్వాత చెప్పాడు. పేరు మార్చడం, తేదీ చూసి వదలడం వ్యాపారమే, కాదనను. కానీ పాట చివర్లో గాయకుడు జానీ రాటెన్ 'నో ఫ్యూచర్' అన్న ఆ రెండు ముక్కలే పట్టుకుని మళ్లీ మళ్లీ అరుస్తాడే, అది ఏ మేనేజరూ నేర్పించేది కాదండీ. అతని అసలు పేరు జాన్ లైడన్, ఐర్లండ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ల కొడుకు, ఉత్తర లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర పెరిగాడు. 1975లో బ్రిటన్‌లో ధరలు ఏడాదిలో 24 శాతం పెరిగాయి, ఆ తర్వాతి ఏడాది ప్రభుత్వం ఐఎంఎఫ్ దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పుకి చెయ్యి చాచింది, ఉద్యోగాల్లేనివాళ్లు పది లక్షలు దాటారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పుడు ఏం కనిపించి ఉంటుంది చెప్పండి. వీధుల్లో జెండాలు కడుతుంటే ఆ కుర్రాడికి ఒళ్లు మండదా?

రేడియోబాబు
మరి ఒక సంగతి. రికార్డు అచ్చేసే ఫ్యాక్టరీలో పనివాళ్లే దీన్ని ముట్టుకోం అని పని ఆపేశారు. కవరు అచ్చు దగ్గరా అదే గొడవ. పేదల తరఫున పాడిన పాటైతే ఆ పేదలే ఎందుకు కాదన్నారు?

గిటార్‌పిచ్చి
రాణి అంటే వాళ్లకి అభిమానం, అందులో తప్పేముంది. కూలివాళ్లంతా ఒకే మాట మీద ఉంటారని ఎవరన్నారు? నా దృష్టిలో మీరు చెప్పిన సంగతి నా మాటకే బలం. అందరికీ నచ్చేలా అమ్ముకోవాలనుకునేవాడు సొంత జనానికే కోపం తెప్పించే పాట చేయడు.

థేమ్స్‌పక్కన
పదేళ్లుగా లండన్‌లో ఉంటున్నా, పోయిన నెల ఒక పాత రికార్డుల షాపులో ఈ సింగిల్ చేతిలోకి తీసుకుని చూశాను. నీలం, వెండి రంగు కవరు. రాణి ముఖం మామూలుగానే ఉంటుంది, కళ్ల మీద అడ్డంగా ఒక పట్టీ, నోటి మీద ఇంకోటి, వాటిలో బెదిరింపు ఉత్తరాల్లో పేపర్ అక్షరాలు కత్తిరించి అంటించినట్టు పాట పేరు, బ్యాండ్ పేరు. జేమీ రీడ్ చేసిన డిజైన్ అది. ఏడు అంగుళాల అట్ట ముక్క, పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి కాస్త జంకుతుంది.

చార్టు, అంటే ఏ రికార్డు ఎంత అమ్ముడైందో చెప్పే వారం పట్టిక, దాని గొడవ ఎవరూ ఎత్తలేదేంటి? బీబీసీ ప్లే చేయలేదు, ప్రైవేటు రేడియోలూ ఆపేశాయి, కొన్ని పెద్ద షాపులు అమ్మనే లేదు. అయినా ఆ జూన్‌లో అధికారిక చార్టులో రెండో స్థానానికి వచ్చింది, మొదటి స్థానంలో రాడ్ స్టీవర్ట్. ఎన్‌ఎంఈ అనే సంగీత పత్రిక చార్టులో మాత్రం ఇదే ఒకటి. లెక్క మార్చారని ఆనాటి నుంచీ ఆరోపణ, రుజువు మాత్రం ఇంతవరకూ లేదు, కాబట్టి నేను ఒట్టేసి చెప్పను. నన్ను కదిలించేది వేరే. కొన్ని చోట్ల గోడకి అంటించిన చార్టులో ఈ పాట పేరు ఉండాల్సిన వరసని ఖాళీగా వదిలేశారు. పైన ఒక పేరు, కింద ఒక పేరు, మధ్యలో తెల్ల కాగితం. దాన్ని చూసినవాడికి పాట వినాలని ఎంత అనిపించి ఉంటుందో.

ఆర్ట్స్‌కాలేజీ
అన్నా, ఆ ఖాళీ వరస ముచ్చట చదివితే నాకు 1938 ఉస్మానియా యాదికొచ్చింది. హాస్టళ్లల్ల వందేమాతరం పాడొద్దన్నరు, పాడిన పిల్లల్ని వెళ్లగొట్టిన్రు, చానామంది నాగపూర్ పోయి చదువుకున్నరు, పీవీ నరసింహారావు కూడా అట్ల పోయినోడే. రెండు పాటలకి పోలికే లేదు, ఒకటి దండం పెట్టేది, ఇంకోటి తిట్టేది. కానీ సర్కారు గొంతు నొక్కితే పాటకి ఏమైతదో రెండు చోట్లా ఒక్కటే. బీబీసీ దీన్ని రోజుకి నాలుగుసార్లు వేసి ఉంటే మనం ఇక్కడ కూసొని దీని మీద కొట్లాడుకునేటోళ్లమా?

పాతరికార్డు
నిషేధం సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ తర్వాత కథ చూడండి. 2015లో ఒక బ్యాంకు వీళ్ల రికార్డు కవర్లతో క్రెడిట్ కార్డులు తెచ్చింది. 2021లో టీవీ సిరీస్‌లో పాటలు వాడుకునే విషయం మీద సొంత బ్యాండ్ వాళ్లే లైడన్‌తో కోర్టుకెక్కారు, అతను ఓడిపోయాడు. 2022లో రాణి పాలనకి డెబ్బై ఏళ్లయిన వేడుకలకి ఇదే సింగిల్‌ని మళ్లీ అచ్చేసి అమ్మారు. రాణి పండగకి రాణిని తిట్టిన పాట, కొనుక్కోండి అని! నాకు నిజంగా బాధేసింది. పద్దెనిమిదేళ్లప్పుడు, మా ఊళ్లో కరెంటు లేని రాత్రి, ఫ్రెండ్ ఇచ్చిన క్యాసెట్‌ని బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో పెట్టి విన్నవాణ్ణి నేను. ఇంగ్లిష్ సగం అర్థం కాలేదు, కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ కోపాన్ని క్రెడిట్ కార్డు మీద చూస్తే ఎలా ఉంటుంది?

గిటార్‌పిచ్చి
మీ బాధ అర్థమైంది, నాదీ అదే. కానీ నలభై ఏళ్ల తర్వాత ఎవరో అమ్ముకున్నారని 1977లో పడ్డ దెబ్బలు అబద్ధం కావు. ఏ అండ్ ఎం కంపెనీ వారం తిరక్కుండా వీళ్లని వదిలించుకుంది, అప్పటికే అచ్చైన 25 వేల రికార్డుల్ని దాదాపు అన్నీ నాశనం చేసింది, వర్జిన్ అనే ఇంకో రికార్డు కంపెనీ తీసుకోబట్టి పాట బయటికొచ్చింది. ఆ జూన్‌లోనే లండన్‌లో ఒక పబ్ బయట లైడన్ మీద కత్తులతో పడ్డారు, చేతికి గట్టి గాయమైంది. పాల్ కుక్‌నీ వదల్లేదు. మేనేజర్ పడవ అద్దెకి తీసుకోగలడు, కానీ ఆ కత్తిపోటు పడింది పాడినవాడికే కదండీ.

థేమ్స్‌పక్కన
ఒకటి చెప్పి ఆపేస్తా. మా పక్కింటాయన డెబ్బైకి దగ్గర పడ్డారు. 1977లో ఈ సింగిల్ కొని, వాళ్లమ్మ చూస్తే తిడుతుందని క్రిస్మస్ పాటల రికార్డు కవర్లో పెట్టి దాచారట. ఇప్పటికీ అదే కవర్లో ఉంది, నాకు చూపించారు. 2022 సెప్టెంబర్‌లో రాణి పోయినప్పుడు ఈయనే ఆమె శవపేటికని చూడటానికి వెస్ట్‌మినిస్టర్ దగ్గర క్యూలో రాత్రంతా నిలబడి వచ్చారు. నాకు అర్థం కాక అడిగితే, ఆమె మీద తనకెప్పుడూ కోపం లేదని, ఆ రోజుల్లో మూడుసార్లు పని అడగడానికి వెళ్లి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చానని, ఆ కోపానికి ఈ పాట దొరికిందని చెప్పారు. రాణి చనిపోయినప్పుడు లైడన్ కూడా ఆమె ఆత్మకు శాంతి కోరుతూ పోస్టు పెట్టాడు.

పాతరికార్డు
మీ పక్కింటాయన సంగతి రెండుసార్లు చదివాను. మేనేజర్ ఆట అని నేను మొదట అన్నమాట పాటకి వర్తించదు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నా. పడవకీ, ప్యాలెస్ బయట టేబుల్‌కీ మాత్రం వర్తిస్తుంది, అక్కడ తగ్గను. ఆ క్యాసెట్ ఇంకా మా అటక మీదే ఉండాలి, ఈ ఆదివారం దింపి చూస్తా.