వాల్టర్ ఆడమ్స్: కాలేజీని కాపాడాడా, తలొంచాడా?

గోదారిగట్టు:
ఆడమ్స్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చరిత్ర చెప్పిన ఇంగ్లిషువాడు. 1955 నుంచి 1967 దాకా సాలిస్‌బరీలో, అంటే ఇప్పటి జింబాబ్వే రాజధాని హరారేలో, రొడీషియా-న్యాసాలాండ్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. దేశమంతా తెల్లవాళ్లకో చోటు, నల్లవాళ్లకో చోటు. ఆ కాలేజీలో మాత్రం ఇద్దరూ ఒకే క్లాసులో కూర్చున్నారు. 1965 నవంబర్ 11న ఇయాన్ స్మిత్ తెల్ల ప్రభుత్వం బ్రిటన్‌తో తెంచుకున్నాక కూడా కాలేజీ నడిచింది. నా దృష్టిలో అది చాలా పెద్ద పని.

హన్మకొండ_బిడ్డ:
నడిచింది సరే, ఏం పోగొట్టుకుని? 1963లో అక్కడ చరిత్ర చెప్పే టెరెన్స్ రేంజర్‌ని ప్రభుత్వంవాళ్లు దేశం దాటించారు. 1966లో అర్రిగి లాంటి అధ్యాపకుల్ని జైల్లో పెట్టి పంపేశారు. రెండుసార్లూ ప్రిన్సిపాల్ ఈయనే. ఆయన్ని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి డైరెక్టర్‌ని చేస్తున్నారంటే అక్కడి విద్యార్థులు అందుకే తిరగబడ్డారు. 1967 మార్చిలో రోజుల తరబడి బైఠాయించారు.

పుస్తకాలపురుగు:
ఆయన్ని చరిత్రకారుడు అనొచ్చా? 1934లో పాఠాలు మానేశాక చేసినవన్నీ ఆఫీసు పనులే కదా.

గోదారిగట్టు:
హన్మకొండ గారూ, మార్చి బైఠాయింపు ఇద్దరు విద్యార్థి నాయకుల్ని సస్పెండ్ చేసినందుకు. సూటిగా ఆడమ్స్ మీద కాదు.

హన్మకొండ_బిడ్డ:
ఆ సస్పెన్షన్ దేనికి? ఆడమ్స్ నియామకం మీద పెట్టిన మీటింగ్ గొడవకే కదా!

గోదారిగట్టు:
హిట్లర్ తరిమేసిన పండితులకు ఉద్యోగాలు చూసిపెట్టడానికి 1933లో లండన్‌లో ఒక మండలి పెడితే, దాని సెక్రటరీ ఈయనే. అలాంటి మనిషిని పిరికివాడంటారా?

హన్మకొండ_బిడ్డ:
అందుకే ఎక్కువ బాధ. తరిమేస్తే ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.
2009 డిసెంబర్‌లో మా హాస్టల్లోకి పోలీసులు వచ్చారు. మెస్‌లో అన్నం పళ్లేలు వదిలేసి పరిగెత్తాం. నా రూమ్మేట్ చెప్పు ఒకటి తెల్లారేదాకా మెట్ల మీదే ఉంది. ఎదురుగా ప్రిన్సిపాల్ క్వార్టర్‌లో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన బయటికి రాలేదు. మర్నాడు అడిగితే "కాలేజీ మూతపడకూడదు కదా నాయనా" అన్నాడు. ఆ మాట ఈ జన్మలో మర్చిపోను.

నీలికలువ:
మీ ప్రిన్సిపాల్ మీద కోపం ఆడమ్స్ మీద చూపిస్తున్నారు.

హన్మకొండ_బిడ్డ:
చూపిస్తాను. ఇద్దరూ చేసింది ఒక్కటే.

గోదారిగట్టు:
బయట నిలబడి మాట్లాడటం తేలిక. ఆ కుర్చీలో మీరెప్పుడైనా కూర్చున్నారా? నేను కూర్చున్నాను, ఇన్‌ఛార్జిగా మూడేళ్లు. ఒక లెక్చరర్‌ని తీసెయ్యమని మేనేజ్‌మెంట్ కాగితం పంపింది. ఆయన తప్పేమీ లేదు. పరీక్షలు ఇంకా పదకొండు రోజులే. సంతకం పెట్టాను. రాజీనామా చేసుంటే నా స్థానంలో వచ్చేవాడు ఇంకో నలుగుర్ని తీసేసేవాడు. సాలిస్‌బరీ కాలేజీలో చదివితే చేతికొచ్చేది లండన్ యూనివర్సిటీ డిగ్రీ. రొడీషియాలో ఇంకో యూనివర్సిటీ లేదు. మూసేస్తే ఆ నల్ల పిల్లలు ఎక్కడికి పోవాలి?

హన్మకొండ_బిడ్డ:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు సార్. తలుపులు తెరిచి ఉంటే చాలని మీరంటున్నారు. లోపలున్నవాడికి అండ లేకపోతే ఆ తలుపులెందుకని నేనంటున్నా. ఆ లెక్చరర్‌ని తర్వాత కలిశారా?

గోదారిగట్టు:
లేదు. నంబర్ ఉంది, చెయ్యలేదు. అయినా మళ్లీ ఆ రోజే వస్తే సంతకం పెడతాను. ఆ ఏడాది మా పిల్లలందరూ పరీక్ష రాశారు.

హన్మకొండ_బిడ్డ:
నా రూమ్మేట్ రాయలేదు.