విండోస్ 11లో పాత ఫాక్స్‌ప్రో లెక్కలు తెరుచుకోవట్లేదు

అన్నలూ, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. 1998 నుంచి ధాన్యం బస్తాల లెక్కంతా డాస్ (విండోస్‌కు ముందటి సిస్టమ్) మీద నడిచే ఫాక్స్‌ప్రో 2.6 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించిన ప్రోగ్రాంలోనే. రాసినాయన ఇప్పుడు లేడు. పోయిన వారం ఓనరు గారబ్బాయి పాత విండోస్ తుడిచేసి 11 వేయించాడు. పాత ప్రోగ్రాంలు నడిపేందుకు విండోస్‌లో ఉండే కంపాటిబిలిటీ మోడ్ పెట్టి చూశా, ఉలకదు పలకదు. ఫోల్డరు మాత్రం పెన్‌డ్రైవ్‌లో భద్రం. వరి కోతలు దగ్గరపడ్డాయి, ఏం చేయాలి?

— ఆ మోడ్‌తో కాదన్నా. మీ పాత విండోస్ 32-బిట్ అయ్యుంటుంది, అందుకే అందులో నడిచింది. 11 వచ్చేదే 64-బిట్‌లో, అందులో ఇలాంటి డాస్ కాలపు 16-బిట్ ప్రోగ్రాంలు నడిపే ఏర్పాటే లేదు. విండోస్ లోపలే డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వేసి ఆ ఫోల్డరును అందులో సి డ్రైవుగా మౌంట్ చేయండి (అంటే సి డ్రైవులా కనిపించేలా కలపండి). అసలు మీద కాదు, కాపీ మీద!

— వచ్చింది! అదే నీలం మెనూ, ప్రాణం లేచొచ్చింది. కానీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కదలట్లేదు. చీటీ ఇవ్వకపోతే రైతు కదలడు.

— డాస్‌బాక్స్ ఆటల కోసం పుట్టింది, ప్రింటింగ్ దాని పని కాదు. అలాంటిదే, ఆఫీసు ప్రోగ్రాంల కోసం చేసిన వీడాస్ వేయండి, ఎల్‌పీటీ1కి (పాత ప్రింటరు పోర్టుకి) పంపింది విండోస్ ప్రింటరుకి పోతుంది. పాత లెక్కలు ఊరికే చూడాలంటే ఫాక్స్‌ప్రో డేటా దాచే డీబీఎఫ్ ఫైళ్లు ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనూ తెరుచుకుంటాయి. పొరపాటున కూడా అందులో సేవ్ కొట్టకండి.

— చీటీ పడింది. తెలుగు పేర్లు ఎప్పట్లా ఇంగ్లీషు అక్షరాల్లోనే. అబ్బాయిగారికి చెప్పలేదు, తనవల్లే బాగైందనుకుంటున్నాడు.