గెలుస్తామని తెలిసినా మనసు కుదుటపడకపోతే, దాన్నేమనాలి?

ప్రశ్న: రేపు ఫైనల్. ఫామ్ చూసినా, బలాబలాలు చూసినా మన జట్టే ఫేవరెట్. అయినా అభిమానికి నిద్ర పట్టదు. ఈ స్థితికి క్రీడల పేజీల్లో ఎప్పుడూ 'ఉత్కంఠ' అనే కనిపిస్తుంది. అది సరిపోతుందా? ఇంతకంటే సూటి మాట ఉందా?

జవాబు: సరిపోదు. సంస్కృతంలో ఉత్కంఠ అంటే మెడ చాచి ఎదురుచూసే తపన, బెంగ. ప్రియుడి కోసం తపించే నాయిక విరహోత్కంఠిత అయింది అందుకే. శాకుంతలం నాలుగో అంకంలో కూతురు అత్తవారింటికి వెళ్తోందని కణ్వుడి హృదయాన్ని తాకింది కూడా ఉత్కంఠే. అక్కడ ఫలితం తేలలేదన్న అర్థమే లేదు. ఇవాళ్టి తెలుగులో అర్థం మారి 'ఏమవుతుందో తెలియని బిగువు' అయింది. మారడం తప్పు కాదు. కానీ ఆ బిగువుకి ఇరుపక్షాలూ సమంగా ఉండాలి. చివరి ఓవర్లో 8 పరుగులు కావాలంటే ఉత్కంఠ. టాస్ కూడా పడకముందే, గెలవాల్సిన జట్టు అభిమానికి కలిగేది వేరు.

ఇంకో జవాబు: 'గుబులు' వాడొచ్చు కదండీ. కంగారు పడతాం, ఆందోళన చెందుతాం, గుబులు మాత్రం దానంతటదే పుడుతుంది. ఈ అనుభవానికి ఆ వ్యాకరణమే సరిపోతుంది. శీర్షికలో మాత్రం జాగ్రత్త. 'ప్రత్యర్థి గుండెల్లో గుబులు' అని రాసీ రాసీ, ఆ మాటను బలహీనుడి సొత్తు చేసేశారు. 'భారత శిబిరంలో గుబులు' అని పెడితే ఎవరికో గాయమైందనుకుంటారు. కంగారు అసలు వద్దు, అందులో తొందరపాటు ఉంది. దిగులు జరిగిపోయినదాని గురించి కూడా కావచ్చు.

మొదటి జవాబు ఇచ్చినవారు: నాలుగో అంకం ఎలాగూ తెరిచాం కాబట్టి, అసలు మాట కూడా అక్కడే ఉంది. రాజు నిన్ను వెంటనే గుర్తుపట్టకపోతే ఈ ఉంగరం చూపించు అంటారు చెలికత్తెలు. శకుంతల ఉలిక్కిపడుతుంది. భయపడకు, 'అతిస్నేహః పాపశంకీ' అని సర్దిచెబుతారు. ప్రేమ మితిమీరితే చెడునే శంకిస్తుందని. దీనికి తెలుగులో కొత్త మాట పుట్టించక్కర్లేదు, 'మనసు కీడు శంకిస్తోంది' అని అంటూనే ఉంటాం. కర్త 'నేను' కాదు, 'మనసు' అని గమనించండి. 'కీడెంచి మేలెంచు'తో దీన్ని కలపకండి. అది కావాలని చేసే పని, ఇది మన చేతిలో లేనిది.

మరొకరు: ఒక్క అభ్యంతరం. కీడు శంకించడం అంటే కారణం లేని భయం అనే ఛాయ వస్తుంది. లెక్క చూస్తే అంత అకారణమేం కాదు. ఒక్కో మ్యాచ్‌లో గెలుపు అవకాశం 75 శాతం ఉన్న జట్టు వరుసగా మూడు నాకౌట్లు దాటే అవకాశం సుమారు 42 శాతమే. అంటే కప్పు రాకపోవడానికే ఎక్కువ అవకాశం. గోల్స్ తక్కువపడే ఫుట్‌బాల్లో ఒక్క పొరపాటుతో ఫలితం తిరగబడుతుంది. 2023 ప్రపంచకప్‌లో భారత్ వరుసగా 10 గెలిచి, నవంబర్ 19న అహ్మదాబాద్‌లో 240కి ఆలౌటైంది. ఆస్ట్రేలియా 47కి 3 వికెట్లు పోగొట్టుకుని కూడా 6 వికెట్ల తేడాతో గెలిచింది.

మొదటి జవాబు ఇచ్చినవారు: సబబైన అభ్యంతరమే, కానీ 'శంక'కు ఆ దోషం అంటదు. సందేహం అటూ ఇటూ ఊగుతుంది, శంక చెడువైపే ఒరుగుతుంది. కారణం ఉందా లేదా అన్నది దానికి సంబంధించని విషయం. 1950 జూలై 16న మరకానా స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను తేల్చే మ్యాచ్, పాయింట్లలో ముందున్న బ్రెజిల్‌కు డ్రా చాలు. 47వ నిమిషంలో ముందంజ వేసింది, 66వ నిమిషంలో ఉరుగ్వే సమం చేసింది. 1-1 దగ్గర కూడా కప్పు బ్రెజిల్‌దే. 79వ నిమిషంలో రెండో గోల్ పడేదాకా ఆ 13 నిమిషాలు బ్రెజిల్ అభిమాని స్థితిని తెలుగులో రాయాలంటే 'కప్పు చేతిలోనే ఉన్నా మనసు కీడే శంకిస్తోంది' అని రాయాలి. 'ఉత్కంఠగా చూస్తున్నారు' అంటే ఏ జట్టువాళ్లో కూడా తెలియదు.

ఇంకొకరు: మరి ఎదుటి జట్టు అభిమానికి? వాడిది దింపుడు కళ్లం ఆశ అనొచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు: మ్యాచ్ ముందు అనకూడదండీ. అది అంతా అయిపోయాక కూడా చావని ఆశ. 9 వికెట్లు పడ్డాక వాడండి. ముందురోజు 'ఏ మూలో ఆశ' చాలు.

ప్రశ్న అడిగినవారు: వాక్యంలో కుదిరింది, శీర్షికలో పొడవైపోతోంది. 'ఫేవరెట్టే... అయినా శంకే' అని పెడితే?

రెండో జవాబు ఇచ్చినవారు: అలా పెడితే జట్టు గెలుపే అనుమానం అన్నట్టు ధ్వనిస్తుంది. శంక ఎవరిదో చెప్పాలి. 'ఫేవరెట్ మనమే, అయినా అభిమానికి గుబులు' అని పెట్టి, 'కీడు శంకించడం' లోపలి మొదటి వాక్యంలోకి తెండి. అభిమాని అన్న మాట పక్కనుంటే గుబులును గాయం వార్తగా ఎవరూ పొరబడరు.