కోళ్ల షెడ్డులోని ఈగలు మందుకు లొంగుతున్నాయో లేదో పరీక్షించడం ఎలా?

లేయర్ ఫారం పర్యవేక్షకుడు, అనపర్తి:
మా షెడ్డుల్లో కొన్నేళ్లుగా డెల్టామెత్రిన్ పిచికారీ చేయిస్తున్నాము. ఇప్పుడు ఈగలు మందు తగలగానే కిందపడి గిలగిల కొట్టుకుంటున్నా, కాసేపటికి లేచి మళ్లీ మేత తొట్ల మీద వాలుతున్నాయి. మందు నకిలీదా, మోతాదు తప్పా, లేక ఈగలే దానికి అలవాటుపడ్డాయా అన్నది తేల్చుకోవాలని ఉంది. వలతో పట్టిన ఈగలను సీసాలో వేసి మందు చల్లి చూస్తే సరిపోతుందా?

కీటకశాస్త్ర పరిశోధకురాలు:
సరిపోదండి. పట్టిన ఈగల్లో లేతవీ ముదురువీ, ఆడవీ మగవీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి, వాటిచేత గుడ్లు పెట్టించి, గోధుమ తవుడు, పాలపొడి, ఈస్ట్ తడిపి కలిపిన మేతపై లార్వాలను పెంచి, ఆ తరంలో 3–5 రోజుల వయసున్న ఆడ ఈగలను పరీక్షకు తీసుకోవాలి. వాటిని చలిలో ఉంచి మత్తెక్కించి, అసిటోన్‌లో కరిగించిన శుద్ధమైన డెల్టామెత్రిన్‌ను ఒక్కో ఈగ వీపు మీద 1 మైక్రోలీటరు చొప్పున పెట్టి, చక్కెర నీళ్లలో ముంచిన దూది ఉన్న డబ్బాల్లో వదలాలి. లెక్క మాత్రం 24 గంటల తరువాతే, ఎందుకంటే ఈ రకం మందులకు ఈగ వెంటనే పడిపోవడం చావు కింద లెక్క కాదు. మీ షెడ్డులో జరుగుతున్నది అదే. ఉత్త అసిటోన్ పెట్టిన గుంపులో చావులు 5 శాతం దాటితే అబాట్ సూత్రంతో (మందు లేకుండానే జరిగే చావులను లెక్కలోంచి తీసేసే సూత్రం) సవరించుకోవాలి, 20 శాతం దాటితే ఆ పరీక్షను వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి.

పశువైద్యుడు:
పద్ధతి సరైనదే కానీ, పోల్చడానికి మందు సోకని ప్రయోగశాల సంతతి లేకపోతే నిరోధకత ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పలేము. అలాంటి సంతతి దొరికితే మీ డబ్బాలోని మందును కూడా దానిపై పరీక్షించండి, నకిలీ సంగతీ తేలిపోతుంది. ఈలోగా డెల్టామెత్రిన్ రకానికే చెందిన సైపర్‌మెత్రిన్‌కు మారితే మాత్రం డబ్బు దండగ కావచ్చు: రెండూ నరాల్లోని ఒకే సోడియం ఛానల్‌పై (నరాల సంకేతాలు నడిపే ద్వారం) పనిచేస్తాయి, అక్కడ కెడిఆర్ అనే జన్యు మార్పు వచ్చిన ఈగ రెండింటినీ, డీడీటీని కూడా తట్టుకుంటుంది. ఈగ ఒంట్లో మందును విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకునే పైపరొనిల్ బ్యుటాక్సైడ్‌ను ముందుగా పెట్టినప్పుడు చావులు బాగా పెరిగితే, నిరోధకతలో ఆ ఎంజైముల పాత్ర ఉందని అర్థం.

లేయర్ ఫారం పర్యవేక్షకుడు, అనపర్తి:
ధన్యవాదాలు. దాణాలో సైరోమజీన్ కూడా కలుపుతున్నాము. దానికీ ఇదే పరీక్షా?

కీటకశాస్త్ర పరిశోధకురాలు:
కాదండి. అది లార్వాల ఎదుగుదలను దెబ్బతీసే మందు కాబట్టి, పెద్ద ఈగల వీపు మీద పెడితే ఏమీ తెలియదు. లార్వాల మేతలోనే కొలిచి కలిపి, అందులోంచి ఎన్ని ఈగలు బయటికి వచ్చాయో మందు కలపని మేతతో పోల్చి చూడాలి.